డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకోవడం: నీళ్లు పోయడం దగ్గర్నుంచి నిద్రపుచ్చడం దాకా

"ఇప్పుడే కదమ్మా టిఫిన్ తిన్నావు, మళ్లీ అడుగుతావేంటి?" డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉన్న ఇంట్లో రోజూ వినిపించే మాట ఇది. ఆ అమ్మకు తిన్న సంగతి నిజంగానే గుర్తు లేదు. చాలామందిలో కొత్త సంగతులను దాచుకునే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది కాబట్టి యాభై ఏళ్ల కిందటి పెళ్లి భోజనం గుర్తుంటుంది, గంట కిందటి ఇడ్లీ గుర్తుండదు. చాదస్తం, పంతం, నటన అనే మూడు మాటలను ఇంట్లో అందరూ ఈరోజే మానేయండి. ఆ మాటలు వినిపించినంతకాలం అసలు కారణం వెతికే ఓపిక ఎవరికీ రాదు.

కారణం మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అరవడం, చెయ్యి విసరడం, నీళ్లు పోసుకోనని మొండికేయడం, రాత్రంతా ఇల్లంతా తిరగడం, వీటి వెనక ఒంట్లో బాధో, గదిలో ఏదో తేడానో, మన తొందరపాటో దొరుకుతుంది. దాన్ని వెతికాకే మాత్ర సంగతి ఆలోచించాలి. ఈ వ్యాసమంతా ఆ వెతుకులాట గురించే.

డాక్టరు దగ్గర ముందుగా తేల్చుకోవాల్సినవి

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా చెబుతోంది. ఎక్కువమందిలో కారణం అల్జీమర్స్. బీపీ, షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేక మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది వాస్క్యులర్ రకం. లేనివి కనబడుతున్నాయంటూ, నడక బిగుసుకుపోతూ మొదలయ్యేది లూయీ బాడీ రకం. ఏ రకమో తెలియకుండా మందులు మొదలుపెట్టకండి. ఎందుకో కింది పేరాల్లో వస్తుంది.

మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ లోపం (శాకాహారులు, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లు దీన్ని తప్పక చూపించుకోవాలి), థైరాయిడ్ తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, డిప్రెషన్, ఇవన్నీ మతిమరుపులాగే కనబడతాయి, వైద్యంతో బాగుపడతాయి. బాత్‌రూమ్‌లో జారి తలకు తగిలిన చిన్న దెబ్బ కొన్ని వారాల తర్వాత పుర్రె లోపల రక్తం గడ్డగా మారి మతి తప్పించవచ్చు. అందుకే రక్తపరీక్షలతో పాటు ఒకసారి సీటీ లేదా ఎమ్మారై తీయిస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. జలుబుకు వేసుకునే నిద్రమత్తు మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు పెద్దవయసులో మతిని ఇంకా మందగింపజేస్తాయి.

డిమెన్షియాకు రాసే డోనెపెజిల్ లాంటి మందు జబ్బును నయం చేయదు, కొందరిలో కొంతకాలం నిలకడ తెస్తుంది. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు చూసి 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, నాడి నెమ్మదించడం, పీడకలలు వస్తే చెప్పాలి. పీడకలలు రాత్రి మాత్రను పొద్దుటికి మార్చితే తగ్గవచ్చు, డాక్టరును అడిగి మార్చండి. ఇక గోల చేస్తున్నారని రాసే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటివి వేరే సంగతి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి పక్షవాతం ముప్పునూ మరణం ముప్పునూ పెంచుతాయి. లూయీ బాడీ రకంలో హాలోపెరిడాల్ ఒక్క మోతాదుకే మనిషి కొయ్యబారిపోవచ్చు. తప్పనిసరైతే తక్కువ మోతాదులో, తక్కువ కాలం. రాసిన రోజే "ఎప్పుడు ఆపుతాం డాక్టరుగారూ?" అని అడిగి తేదీ రాయించుకోండి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఇవాళ మత్తుగా పడి ఉన్నా, ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా అది జబ్బు ముదరడం కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, షుగరు పడిపోవడం, నిమోనియా, కొత్తగా మొదలైన మందు, సాధారణంగా వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. షుగరు వెంటనే చూడండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక నోటుబుక్కు

వంద రూపాయల లోపు దొరికే లాంగ్ నోటుబుక్కు ఈ ఇంట్లో చాలా పనిచేస్తుంది. పేజీలో మూడు గళ్లు గీయండి: గొడవకు ముందు ఏం జరిగింది, ఏం చేశారు, ఎలా సర్దుకున్నారు. పక్కన టైము. వారం రోజులు రాస్తే కంటికి కనబడనిది కాగితం మీద కనబడుతుంది. రోజూ పదకొండు గంటలకు అరుస్తున్నారంటే ఆ వేళకు వంటింట్లో మిక్సీ తిరుగుతుండవచ్చు. భోజనం తర్వాత అటూ ఇటూ తచ్చాడుతున్నారంటే బాత్‌రూమ్ కోసం కావచ్చు. మలవిసర్జన అయిన రోజులు కూడా ఇందులోనే రాయండి. మూడు రోజులు కాకపోతే ఆ చిరాకుకు కారణం మీ చేతిలోని పేజీలోనే ఉన్నట్టు.

నొప్పి ఉందని చెప్పలేనివాళ్లలో నొప్పిని చూసి పట్టుకోవాలి: ఊపిరి తీసుకునే తీరు, మూలుగు, ముఖం ముడుచుకోవడం, చేతులు బిగబట్టడం, ఓదార్చినా సర్దుకోకపోవడం. పుచ్చిన పన్ను, మోకాలు, బిగుతైన చెప్పు, చెవిలో గుబిలి, కట్టుడుపళ్ల కింద పుండు, ఒక్కొక్కటే చూడండి. కళ్లద్దాలు తుడిచి పెట్టండి. వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందో లేదో చూడండి.

ఇంట్లో మార్చాల్సినవి

ఇల్లంతా మార్చేయకండి. మంచం, బీరువా, దేవుడి గూడు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. అలవాటైన చోటును ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

రంగుల తేడా చాలా ముఖ్యం. నలుపు డోర్‌మ్యాట్ వాళ్ల కంటికి గొయ్యిలా కనబడుతుంది, అందుకే గుమ్మం దగ్గర ఆగిపోతారు. మెరిసే గ్రానైట్ నేల తడిసినట్టు కనబడుతుంది. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ కనబడనే కనబడదు, దానికి నీలం లేదా ఎరుపు సీటు బిగించండి. గడపకు పసుపు రాసే మన అలవాటు ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది, పసుపుపచ్చ గడప అడుగు ఎక్కడ ఎత్తాలో కంటికి చెబుతుంది. అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూమ్ ముందున్న రాతి గట్టుకు కూడా అదే రంగు పెయింట్ వేయండి.

బాత్‌రూమ్ లోపలి గడియ తీసేయండి. కమోడ్ పక్కనా, నీళ్లు పోసుకునే చోటా పట్టుకోవడానికి గోడకు గట్టి కడ్డీలు బిగించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి చిన్న బల్బు వెలగాలి, బాత్‌రూమ్ తలుపు కొంచెం తెరిచి కమోడ్ కనబడేలా ఉంచాలి. గ్యాస్ రెగ్యులేటర్ పని అయిన వెంటనే కట్టేయాలి. దేవుడి దగ్గర దీపం వెలిగించే అలవాటును ఆపేయనక్కర్లేదు గానీ కొంగు దోపి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఫినాయిల్, పురుగుమందు సరే, కర్పూరాన్ని కూడా తాళంలో పెట్టండి. పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకుంటారు, అది మూర్ఛలు తెప్పిస్తుంది. బీరువాలో నాఫ్తలీన్ ఉండలూ అంతే.

అద్దంలో తమను తాము గుర్తుపట్టక "ఎవరో ముసలాయన వచ్చాడు" అని భయపడుతుంటే దానిమీద ఒక టవల్ కప్పండి. అద్దం గురించి వివరించి లాభం లేదు.

నీళ్లు పోయడం

ఎక్కువ ఇళ్లలో ఎక్కువ ఏడుపు ఇక్కడే. వాళ్ల వైపు నుంచి చూడండి: చలిగా ఉన్న చిన్న గది, బట్టలు విప్పుతున్న ఎవరో మనిషి, ముఖం మీద ఒక్కసారిగా నీళ్లు. ఎవరైనా చెయ్యి విసురుతారు.

రోజూ తలమీద నుంచి పోయాల్సిన పని లేదు. వారానికి రెండు మూడు సార్లు ఒంటికి పోసి, మిగతా రోజుల్లో ముఖం, చంకలు, తొడల మధ్య, పాదాలు తడిగుడ్డతో తుడిస్తే చర్మానికి సరిపోతుంది. తలస్నానం వేరే రోజు పెట్టుకోండి. జీవితమంతా తెల్లవారుజామున పోసుకున్న మనిషికి మధ్యాహ్నం పోయబోతే వింతగా ఉంటుంది, వాళ్ల పాత వేళే మంచి వేళ.

పిలవకముందే అన్నీ సిద్ధం కావాలి: వెనక ఆనుకునే కుర్చీ (కాళ్లకు రబ్బరు బూట్లున్నది, జారే ప్లాస్టిక్ స్టూల్ వద్దు), రెండు టవళ్లు, సబ్బు, వేసుకునే వరుసలోనే పేర్చిన బట్టలు. ఫ్యాన్, ఎగ్జాస్ట్ ఆపేయాలి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. వేడినీళ్లే ముందు పట్టిన బకెట్‌లో చెయ్యి పెట్టి కాల్చుకుంటారు. నీళ్ల వేడిని వేళ్లతో చూస్తే తెలియదు, మోచేత్తో చూడాలి, గోరువెచ్చగా తగలాలి. గీజర్‌ను 50 డిగ్రీల లోపు పెట్టండి.

పిలిచే మాట కూడా ముఖ్యమే. "స్నానం చేస్తావా?" అని అడిగితే "చేశాను" అనో "వద్దు" అనో వస్తుంది. "నీళ్లు తోడాను, రండమ్మా" అనండి. అరవై ఏళ్లుగా విన్న మాట అది, కాళ్లు వాటంతటవే లేస్తాయి. రాకపోతే బలవంతం వద్దు. అరగంట ఆగి కాఫీ అయ్యాక మళ్లీ పిలవండి. మొదటిసారి వద్దన్నట్టు అప్పటికి వాళ్లకు గుర్తుండదు.

సిగ్గు మాత్రం చివరిదాకా ఉంటుంది, పేర్లు మరిచిపోయినా అది పోదు. అత్తయ్యకో అమ్మకో పోసేటప్పుడు లంగా ఛాతీ దాకా కట్టి, దానిమీదే పోయండి. చెరువు దగ్గరా బావి దగ్గరా ఆ తరం ఆడవాళ్లు పోసుకున్న పద్ధతే అది, ఒంటికి తెలిసిన పద్ధతి. సబ్బు చెయ్యి గుడ్డ కింద నుంచి పోనివ్వండి. మామయ్యకైతే నడుముకు తువ్వాలు. భుజాల మీద పొడి టవల్ కప్పి, ఏ భాగం కడుగుతున్నామో అక్కడ మాత్రమే తీయండి.

వరుస ఇలా: పాదాల మీద ఒక చెంబు. ఆగండి. మోకాళ్లు, చేతులు, తర్వాత భుజాలు, వీపు. ముఖం చివర, అది కూడా తడిగుడ్డతో. ఇంకో చెంబు వాళ్ల చేతికివ్వండి. తనే పోసుకుంటున్నానన్న ఆ ఒక్క సంగతి సగం భయం తీస్తుంది, ఖాళీగా ఉన్న చెయ్యే మనల్ని కొట్టేది కూడా. ఏం చేయబోతున్నామో ఒక్కో చిన్న మాటలో చెప్పాలి: "వీపు రుద్దుతున్నా నాన్నా." ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి మాట్లాడకూడదు. నూనె రాయాలనుకుంటే గదిలో కుర్చీలో కూర్చోబెట్టి రాయండి, అరికాళ్లకు రాయకండి, బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లేముందు పాదాలు తుడవండి. నూనె, నలుగుపిండి కలిసిన టైల్స్ మీద తుంటి ఎముకలు విరుగుతాయి.

అయ్యాక అద్దుతూ తుడవాలి, రుద్దకూడదు. రొమ్ముల కింద, గజ్జల్లో, కాలివేళ్ల సందుల్లో తడి ఉండిపోతే పాసి పుళ్లు పడతాయి. మొత్తం ఇరవై నిమిషాలు కేటాయించుకోండి. ఆఫీసుకు వెళ్లే హడావుడిలో ఐదు నిమిషాల్లో ముగించాలనుకున్న రోజే గొడవ అవుతుంది.

దీపాలు పెట్టే వేళ

సాయంత్రం ఐదారు గంటల మధ్య చాలామందికి మనసు కలత చెందుతుంది. వెలుతురు తగ్గి నీడలు పెరుగుతాయి, ఒళ్లు అలిసి ఉంటుంది, ఆకలి కూడా మొదలవుతుంది. చీకటి పడకముందే, అంటే ఐదింటికే, గదిలో లైట్లన్నీ వేసి కర్టెన్లు మూసేయండి. చీకటి పడ్డాక కిటికీ అద్దంలో కనబడే నీడను చూసి దొంగ అనుకుంటారు. మధ్యాహ్నం నిద్ర మూడింటికల్లా ముగియాలి, ముప్పావుగంట మించకూడదు. రెండింటి తర్వాత కాఫీ, టీ వద్దు, బదులుగా నాలుగున్నరకు కొంచెం జావో మెత్తటి ఉప్మానో పెట్టండి. టీవీలో వార్తాచర్చలు ఆపేయండి, ఆ అరుపులు ఇంట్లోనే జరుగుతున్నాయని అనుకుంటారు. పొద్దున అరగంట ఎండలో కూర్చోబెడితే రాత్రి నిద్ర మెరుగుపడుతుంది.

అప్పుడు వచ్చే మాట: "మా ఇంటికి వెళ్తాను." "ఇదే మీ ఇల్లు, మీరు కట్టించిందే" అంటే ఆయన కంగారు ఇంకా పెరుగుతుంది. ఆయన అడుగుతున్నది ఒక చోటు కాదు, భయం లేని ఒక వేళ. ముందు బాత్‌రూమ్‌కు తీసుకెళ్లండి, నీళ్లివ్వండి, చలిగా ఉందేమో చూడండి. తర్వాత ఆ ఇంటి గురించే అడగండి: "అక్కడ పెరట్లో ఏం చెట్లుండేవి మామయ్యా? గేదెలెన్ని?" అప్పటికీ లేచి బయల్దేరితే అడ్డుపడకండి. చెప్పులు వేయించి మీరూ వెంట నడవండి. వీధి చివరిదాకా వెళ్లి, "కాళ్లు నొప్పి పుడుతున్నాయి, కాసేపు మా ఇంట్లో కూర్చుందాం" అంటే చాలాసార్లు మీతోనే వచ్చేస్తారు.

ఏ చేతిపని అయినా ఈ వేళకు దాచుకోండి: చిక్కుడుకాయలు గిల్లడం, వత్తులు చేయడం, ఆరిన తువ్వాళ్లు మడతపెట్టడం, పాత పదిరూపాయల నోట్లు లెక్కపెట్టడం. లెక్క తప్పినా, మడత వంకరైనా సరిదిద్దకండి. అవే తువ్వాళ్లు మళ్లీ ఇవ్వొచ్చు.

మాట పట్టింపులు

భర్త పోయి పదేళ్లయింది. "మీ నాన్న ఇంకా రాలేదేం?" అని అమ్మ అడుగుతుంది. పోయారని చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది మొదటిసారే, ఆ దుఃఖమంతా మళ్లీ కొత్తదే. "నాన్న గుర్తొచ్చారా అమ్మా? ఆయనకు నీ చేతి గోంగూర పచ్చడి ఎంత ఇష్టమో" అని ఆయన దగ్గరే మాటను ఉండనివ్వండి. "పోయారా?" అని ఆమె సూటిగా అడిగితే మాత్రం అబద్ధం వద్దు. చెయ్యి పట్టుకుని చెప్పండి, పక్కనే కూర్చోండి.

"నా గాజులు కోడలు తీసింది." రోజంతా సేవ చేసే కోడలి మీదే ఈ నింద పడుతుంది, ఎందుకంటే ఎప్పుడూ దగ్గరున్నది ఆమే. వస్తువు పెట్టిన చోటు గుర్తులేదు, వస్తువు మాత్రం లేదు, ఆ ఖాళీని మెదడు దొంగతనంతో నింపుకుంటుంది. వాదించకుండా "అయ్యో, పదండి అత్తయ్యా, వెతుకుదాం" అనండి. దిండు గలేబు, బియ్యం డబ్బా, బీరువాలో చీర మడతలు, దేవుడి పటాల వెనక, పరుపు కింద, ఇవి మామూలుగా దాచే చోట్లు. చెత్తబుట్ట పారబోసేముందు ఒకసారి చూడండి. అసలు బంగారాన్ని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరి ఎదుటా ఫోటో తీసి, తూకం రాసి లాకర్లో పెట్టి, చేతికి రోల్డ్‌గోల్డ్ వేయండి. ఈ నింద జబ్బు లక్షణమని ఆడపడుచులకూ చుట్టాలకూ ముందే చెప్పే బాధ్యత కొడుకుది. కోడలు తనను తాను సమర్థించుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

తిండి

తెల్ల ప్లేటులో పెరుగన్నం కనబడదు. స్టీలు కంచంలో పైన లైటు మెరుస్తుంది. నీలం లేదా ముదురు ఎరుపు ప్లేటులో పెట్టి చూడండి. పప్పు, కూర, పచ్చడి, అప్పడం ఒకేసారి వడ్డిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరికే కూర్చుంటారు, అన్నం సయించడం లేదని మనం అనుకుంటాం. ఒక్కొక్కటే పెట్టండి.

జీవితమంతా చేత్తో తిన్న మనిషికి చెంచా కొత్త వస్తువు. నోరు తెరవని వాళ్లకు ముద్ద కలిపి అరచేతిలో పెట్టి, ఆ చేతి కింద మీ చెయ్యి ఉంచి నోటి దాకా నడిపించండి. రెండు ముద్దల తర్వాత చెయ్యి తనంతట తానే కదలవచ్చు.

మింగడం కష్టమైనప్పుడు మన ఇళ్లలో పలచటి చారన్నం పెడతాం, తేలిగ్గా దిగుతుందని. నిజానికి అదే కష్టం. నీళ్లు ముందు జారిపోతాయి, మెతుకులు నోట్లో ఉండిపోతాయి, రెండింటినీ వేరువేరుగా సంభాళించలేక పొలమారుతుంది. పలచటి మజ్జిగన్నమూ అంతే. మెత్తగా మెదిపి, అంతా ఒకే చిక్కదనంతో ఉన్న పెరుగన్నం, పప్పన్నం, చిక్కటి రాగిజావ మేలు. మరమరాలు, పల్లీలు, కారప్పూస, పొడి అటుకులు ఆపేయండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, చిన్న చెంచాలో సగం మాత్రమే. గొంతు కదిలి మింగారని చూశాకే తర్వాతది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర, తరచూ జ్వరం కనబడితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు అనుమానించి స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మింగడాన్ని పరీక్షించేది వాళ్లే.

గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే రోజుకు లీటరున్నర దాకా ద్రవాలు పోవాలి. దాహం వేస్తోందని వాళ్లు చెప్పరు, గంటకోసారి సగం గ్లాసు మీరే అందించండి. షుగరు మాత్ర వేసి తర్వాత అన్నం తినకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిండి నిలకడ తప్పినప్పుడు మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడగండి. మాత్రల డబ్బా వాళ్ల కంట పడకూడదు, వేసుకున్నవే మళ్లీ వేసుకుంటారు. నెలకోసారి బరువు చూసి నోటుబుక్కులో రాయండి.

మూత్రం సంగతి క్లుప్తంగా: లేవగానే, భోజనం అయ్యాక, పడుకునేముందు, మధ్యలో ప్రతి రెండు గంటలకూ అడగకుండా తీసుకెళ్లండి. బొందు పైజామా బదులు ఎలాస్టిక్, చీర బదులు నైటీ. పడుకునే రెండు గంటల ముందు నుంచి మాత్రమే నీళ్లు తగ్గించండి. పగలంతా తగ్గిస్తే ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి.

వంతులు

ముగ్గురు పిల్లలుంటే అమ్మ నెలకో ఇంట్లో ఉండాలని పెద్దమనుషులు తేల్చేస్తారు. మతి బాగున్నవాళ్లకే అది కష్టం. డిమెన్షియా ఉన్న మనిషికి నెలనెలా మంచం, బాత్‌రూమ్, ముఖాలు మారితే నిలదొక్కుకున్న కొద్దిపాటి దారీ చెరిగిపోతుంది. కొత్త ఇంట్లో మొదటి రాత్రులే పడిపోవడం, పక్క తడపడం, బయటికి వెళ్లి తప్పిపోవడం జరుగుతుంటాయి. ఆర్నెల్లు అమెరికా పిల్లల దగ్గరికి పంపడమూ అంతే. పగలు రాత్రి తారుమారై, ఎవరూ తెలియని వీధిలో, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన కేర్‌టేకర్ల మధ్య ఉన్నదీ మరుస్తారు. అమ్మ ఒకచోట ఉండాలి, పిల్లలు వంతులు వేసుకుని ఆమె దగ్గరికి రావాలి.

దూరంగా ఉన్నవాళ్లు సలహాలు కాదు, పనులు తీసుకోవాలి. ఒకరు మందులు తెప్పించడం, బిల్లులు, ఇన్సూరెన్స్ చూడాలి. ఇంకొకరు రోజూ ఐదున్నరకు, కలత మొదలయ్యే వేళకు, వీడియో కాల్‌లో అరగంట మాట్లాడాలి. ఏడాదికి రెండు వారాలు వచ్చి పూర్తిగా బాధ్యత తీసుకుని, చూసుకునే మనిషిని విశ్రాంతికి పంపాలి. వారానికి సగం రోజైనా ఆ మనిషికి సెలవు ఉండాలి. నిద్ర పట్టకపోయినా, ఊరికే కన్నీళ్లొస్తున్నా, చెయ్యి చేసుకుంటానేమో అని భయం వేసినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల సమస్యలకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

అటెండర్‌ను పెట్టుకుంటే ఒక కాగితం రాసి గోడకు అంటించండి: ఏమని పిలిస్తే పలుకుతారు, ఏం పని చేసేవారు, ఏం తింటారు, దేనికి భయపడతారు, ఏ పాట పెడితే ఊరట చెందుతారు. "మాస్టారూ" అని పిలిస్తే లేచే మనిషి "తాతా" అంటే లేవకపోవచ్చు. చేతులు మంచానికి కట్టకూడదన్నది మొదటి రోజే చెప్పండి.

సంతకం పెట్టగలిగినప్పుడే

జబ్బు మొదట్లోనే కూర్చుని చేయాల్సిన పనులివి. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని నిశ్చింతగా ఉంటారు. మన చట్టంలో, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు, అంటే అవసరమైన రోజే పనికిరాదు. అప్పుడు సంరక్షకుడిగా నియమించమని హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. అందుకని ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే జాయింట్ ఖాతాలుగా మార్చుకోవాలి, అన్నింటికీ నామినీ పెట్టాలి. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలతో పాటు, ఆ రోజుకు నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్నారని డాక్టరు ఇచ్చిన పత్రం జతచేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తన తరఫున వైద్య నిర్ణయాల్లో ఎవరు సాయపడాలో రాసిపెట్టుకునే వీలుంది.

ఫోన్లో యూపీఐ తీసేయండి, లేదా తక్కువ డబ్బున్న ఖాతాకు మాత్రమే ఉంచండి. పోలీసులమంటూ ఫోన్లో "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించేవాళ్లకు వీళ్లు సులువుగా దొరుకుతారు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

తప్పిపోతే: చొక్కా జేబు లోపల, జాకెట్టు అంచులో ఫోన్ నంబరు ముందే కుట్టి ఉండాలి, నెలకోసారి తీసిన ఫోటో ఫోన్లో ఉండాలి. పావుగంట చుట్టుపక్కల వెతికి దొరకకపోతే 112కు చెప్పండి, 24 గంటలు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. పాత ఇల్లు, పనిచేసిన చోటు, గుడి, బస్‌స్టాండ్ ముందు చూడండి. దొరికాక తిట్టకండి.

మంచం పట్టాక

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము కింద, మడమలు, తుంటి, చెవుల వెనక ఎర్రబడిందేమో రోజూ చూడాలి. వేలితో నొక్కినా ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టే, ఆ వైపు పడుకోబెట్టకండి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి.

తినడం బాగా తగ్గినప్పుడు ముక్కులో గొట్టం మాట వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఆయుష్షు పెంచుతుందని గానీ, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతుందని గానీ రుజువు లేదు. పైగా దాన్ని పీకేస్తారని చేతులు కట్టేసే పరిస్థితి వస్తుంది. వృద్ధుల వైద్యులు మెల్లగా చేత్తో తినిపించడాన్నే మేలంటారు, ఎంత పోతే అంత. ఇంట్లో అందరూ డాక్టరుతో కలిసి కూర్చుని, ఐసీయూలో ఉన్నప్పుడు కాకుండా ముందే దీన్ని నిర్ణయించుకోవాలి.

మింగలేని రోజుల్లో మెత్తటి గుడ్డ తడిపి, నీళ్లు కారకుండా పిండి, చూపుడువేలికి చుట్టి చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలా తుడవండి, రోజుకు నాలుగైదు సార్లు. పెదవులకు కాస్త వెన్న రాయండి. రోజూ వినే భక్తిపాటలు తక్కువ సౌండ్‌లో పెట్టి, పక్కన కూర్చుని అరచేతిని మీ రెండు చేతుల మధ్య పట్టుకుని బొటనవేలితో మెల్లగా నిమరండి. బిగిసి ఉన్న గుప్పిట కాసేపటికి వదులు కావచ్చు. అప్పుడే గోళ్లు కత్తిరించి, వేళ్ల మధ్య తుడిచి, చిన్న గుడ్డ ఉండ చేసి చేతిలో పెట్టండి.